మొలకెత్తిన చిలగడదుంప

(మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజినీరుగా మీ అనుభవాలు ఒక ఇరవై నిమిషాలు చెప్పండి, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది కోల్డ్ స్టోరేజీలు కట్టించడం. గుంటూరు మిర్చికి, విత్తనం బంగాళాదుంపలకు, పళ్లకు. ఆ గోడల మందం గురించి, కంప్రెసర్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే పిల్లలే కాదు, వేదిక మీద పెద్దలు కూడా కునికిపాట్లు పడతారు. అందుకని చిలగడదుంపల గురించి మాట్లాడతానన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే, మీ ఇష్టం సార్" అన్నారు. వారికి కృతజ్ఞతలు.

మన వేపచెట్టు కింద ఒక తడి గోనెసంచి పెట్టి వచ్చాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

నాలుగేళ్ల కిందట హైదరాబాద్‌లో శివరాత్రికి రైతు బజార్‌లో రెండు కిలోలు కొన్నాను. అక్కడ అమ్మే ఆవిడ వాటిని రత్నపురి గడ్డలంది. పక్కనున్నాయన మోరంగడ్డలన్నాడు. మా ఆఫీసులో కడప అబ్బాయి గెనుసుగడ్డలంటాడు. మనకు మాత్రం చిలగడదుంపలే. ఉపవాసం రోజు ఉడకబెట్టుకుని తిన్నాం. రెండు మూడు దుంపలు బియ్యం డబ్బా వెనక్కి దొర్లిపోయిన సంగతి ఎవరూ చూడలేదు. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే మా ఆవిడ ఒకటి బయటికి తీసింది. తొక్క ముడతలు పడింది, ఒక కొసన మాత్రం ఊదారంగులో నాలుగైదు మొలకలు లేచి ఉన్నాయి. "పాడైపోయింది, చెత్తలో వేసేయండి" అంది. చెత్తబుట్ట దాకా వెళ్లాను గానీ వేయలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాకు చంపావతి ఒడ్డున ఎకరం లోపు ఇసుక నేల ఉండేది. వర్షాలు పడగానే బోదెలు తోలి చిలగడదుంప తీగ నాటేవాళ్లం. ఆ తీగ ఎక్కణ్ణుంచి వస్తుందని నేను చిన్నప్పుడు ఎప్పుడూ ఆలోచించలేదు. అది మా అమ్మ పని. దుంపలు తవ్వాక మిగిలిన తీగలో మంచి ముక్కలు నాలుగు ఏరి, నూతి దగ్గర అంట్లు తోమిన నీళ్లు పారే చోట నాటేది. ఎండాకాలం అంతా అది అక్కడే ఉండేది. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప వేసేది. మే నెలలో నూతిలో నీళ్లు అడుగంటినా ఒక చెంబెడు దానికి పోసేది. జూన్ వచ్చేసరికి ఆ నాలుగు ముక్కలే చేను మొత్తానికి సరిపడా తీగయ్యేవి. పంట మా నాన్నదని ఊళ్లో అనుకునేవారు. విత్తనం ఎవరిదని ఎవరూ అడగలేదు, నేను కూడా.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఏడు మా వరి పోయింది. అప్పట్లో హైస్కూలు పిల్లలకు మధ్యాహ్న భోజనం లేదు. ఇంట్లో బియ్యం రాత్రికి మాత్రమే సరిపోయేవి. అమ్మ పొద్దున్నే రెండు దుంపలు ఉడికించి గుడ్డలో కట్టి ఇచ్చేది. అందరూ క్యారేజీలు విప్పుకునే చోట ఆ గుడ్డ విప్పడానికి నాకు సిగ్గు. భోజనానికి ఇంటికి వెళ్తున్నానని చెప్పి, ఇప్పుడు సైకిల్ షెడ్డు ఉన్న చోట చింతచెట్టు ఉండేది కదా, దాని వెనక కూర్చుని తినేసి చొక్కాకి చేతులు తుడుచుకుని వచ్చేవాణ్ణి. నెల రోజులు అలాగే సాగింది.

ఒక రోజు మా సైన్సు మాస్టారు అటు వచ్చారు. నేను దుంప వెనక్కి దాచాను. ఆయన నా పక్కనే వేరు మీద కూర్చుని "ఏదీ, సగం ఇటు ఇవ్వరా" అన్నారు. ఇచ్చాను. తొక్క తీసుకుని తింటూ, "ఒరే, దీన్ని దుంప దుంప అంటాం గానీ, బంగాళాదుంపకీ దీనికీ చుట్టరికం లేదు తెలుసా? అది కాండం. ఇది వేరు" అన్నారు. మర్నాడు క్లాసుకి రెండూ తెచ్చి బల్ల మీద పెట్టారు. బంగాళాదుంప మీద కళ్లు చూపించి, ఆ కళ్లు కొమ్మ మీద కణుపుల్లాంటివన్నారు. చిలగడదుంపకి అలాంటి కళ్లుండవు, తూటికూర దీని దాయాది, రెండూ ఒకే కుటుంబం అన్నారు. దీని సాగు గురించి తెలిసినవాళ్లు ఎవరున్నారర్రా అని అడిగి, నన్ను లేపి తీగ ఎలా నాటాలో చెప్పించారు. చింతచెట్టు ఊసు ఎత్తలేదు. ఆ తర్వాతి వారం నుంచి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు పెరుగన్నం పెట్టి నా దుంప తీసుకునేవారు. మాస్టారు ఈ వేదిక మీదే ఉన్నారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో, నాకైతే మీరు ఊదుకుంటూ తినడం కూడా గుర్తుంది.

ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది, నాన్న పోయారు, అమ్మ మా దగ్గరకు హైదరాబాద్ వచ్చేసింది. తొమ్మిదేళ్ల కిందట ఊళ్లో ఇల్లు అమ్మేశాను. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ డబ్బు సంగతి అడగలేదు. "నూతి కాడ తీగ ఎవులికైనా ఇచ్చినావేట్రా?" అంది. ఇవ్వలేదు. నాకు ఆ ధ్యాసే లేదు. ఇచ్చానని అబద్ధం చెప్పాను. మరో నెలకి ఊరొచ్చి చూస్తే ఇల్లు కొన్నవాళ్లు నూయి పూడ్చి సిమెంటు చేయించుకున్నారు. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. తర్వాత నాలుగేళ్లకు అమ్మ పోయింది. అబద్ధం అలాగే ఉండిపోయింది.

చెత్తబుట్ట దగ్గర ఆగిపోవడం అందుకన్నమాట. ఇక అసలు విషయానికి వస్తాను.

మొదటి తప్పు ఆ రోజే చేశాను. బంగాళాదుంప విత్తనం కోసినట్టు ఆ దుంపని ఆరు ముక్కలు కోసి కుండీలో పాతాను. వారం తర్వాత తవ్వి చూస్తే కుళ్లు కంపు. మాస్టారు చెప్పిన పాఠం ముప్పై ఏళ్లు దుంపల గిడ్డంగులు కట్టినవాడే మర్చిపోయాడు! చిలగడదుంప అంతటా సమంగా మొలవదు. తీగను అంటుకుని ఉన్న కొస వైపే ఎక్కువ మొలకలు వస్తాయి. ముక్కలు చేస్తే మిగతాది తడి మట్టిలో కుళ్లడానికే. అదృష్టం బాగుండి బియ్యం డబ్బా వెనక ఇంకోటి దొరికింది.

దాన్ని కోయలేదు. పాత టబ్బుకి అడుగున చిల్లులు పెట్టి, సగం ఇసుక సగం మాగిన పశువుల ఎరువు కలిపి, దుంపని పడుకోబెట్టి, పైన రెండు వేళ్ల మందం ఇసుక కప్పాను. తడి ఉండాలి, నీళ్లు నిలవకూడదు. మన ఎండాకాలపు వెచ్చదనం దానికి ఎంతో ఇష్టం. మూడు వారాల్లో తొమ్మిది పిలకలు వచ్చాయి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పుల్లలు గుచ్చి దుంపని సగం మునిగేలా పెట్టడం కూడా ఉంది. పిల్లలు వేళ్లు చూడటానికి అది బాగుంటుంది. నీళ్లు రెండు రోజులకోసారి మార్చకపోతే మాత్రం వాసన కొడుతుంది. నా ఓటు ఇసుకకే.

పిలక జానెడు పొడవయ్యాక మట్టికి కాస్త పైన కోసుకోవాలి. వేరుతో పీకక్కర్లేదు. కింది ఆకులు తుంచి నీళ్లలో పెడితే మూడు నాలుగు రోజుల్లో ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్లు వస్తాయి. అప్పుడు రెండు మూడు కణుపులు మట్టిలోకి వెళ్లేలా ఏటవాలుగా నాటాలి. టబ్బులోని దుంప మళ్లీ పిలకలు వేస్తుంది. ఒక్క దుంప నుంచి ఆ వేసవిలో నేను మూడు విడతలు తీశాను.

"ఇంత తతంగం దేనికి, మొలకెత్తిన దుంపనే పాతేస్తే పోలేదా" అని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగారు. పాతితే తీగ వస్తుంది, పెద్దగా దుంపలు ఊరవు. పాత దుంపే లావెక్కి పీచుగా తయారవుతుంది. పైగా దుంపలో తెగులు గానీ పురుగు గానీ ఉంటే అది కూడా దాంతోపాటే కుండీలోకి వస్తుంది. మట్టికి పైన కోసిన పిలకకి ఆ బెడద తక్కువ.

నాటడానికి బస్తాలు వాడాను, అడుగున్నర వెడల్పు, అంతే లోతు. ఇక్కడ ఇంజినీరుగా ఒక్క మాట. అలాంటి బస్తాలో యాభై లీటర్ల పైనే మట్టి పడుతుంది, తడిస్తే ఒక్కోటి ఎనభై కిలోలకు తగ్గదు. పది పెడితే ఎనిమిది వందల కిలోలు. మేడ మీద పెంచేవాళ్లు వాటిని శ్లాబు నడిమధ్య కుప్ప పెట్టకండి. కింద గోడలు, దూలాలు ఎక్కడున్నాయో చూసుకుని వాటి మీదుగా వరసగా పెట్టండి. ఆకుకూరల సరదా శ్లాబు నెర్రెల దాకా రాకూడదు.

నేల ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. ఎత్తు బోదె, బోదెకీ బోదెకీ రెండడుగులు, మొక్కకీ మొక్కకీ జానెడు చాలు. మట్టి ఎంత గుల్లగా ఉంటే దుంప అంత తిన్నగా దిగుతుంది. రోజుకి ఆరు గంటల ఎండ మాత్రం తగలాలి.

రెండో తప్పు యూరియా. తీగ బలంగా రావాలని ఒకాయన చెబితే పదిహేను రోజులకోసారి గుప్పెడు వేశాను. అబ్బో, ఆ తీగ చూడాలి! పిట్టగోడ దాటి కింది ఫ్లాటు బాల్కనీలోకి దిగింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. దసరా సెలవుల్లో పిల్లలందరినీ పిలిచి బస్తా బోర్లించాను. పెన్సిల్ లావు వేళ్లు తప్ప ఒక్క దుంప లేదు. నత్రజని ఎక్కువైతే మొక్కకి కింద దాచుకోవలసిన అవసరం కనిపించదు, ఆకు మీదే పెడుతుంది. దుంపకి కావలసింది పొటాష్. అమ్మ పొయ్యిలోని బూడిద తెచ్చి బోదెల మీద చల్లేది. అదేదో చీమల కోసమనుకునేవాణ్ణి. ఆ ఏడు మాకు దక్కింది లేత ఆకు మాత్రమే. పప్పులో వేసుకుంటే బాగానే ఉంటుంది, తూటికూర దాయాది అని మాస్టారు ఊరికే అనలేదు.

రెండో ఏడు యూరియా మానేశాను. తీగ నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దించుకుంటుంది. అలా వదిలేస్తే బలం చిన్న చిన్న వేళ్లకి పంచుకుపోతుంది. అందుకే నెలకోసారి తీగను మెల్లగా ఎత్తి మళ్లీ వేయాలి. ఈ పని బాగానే చేశాను. దుంపలు ఊరాయి. కానీ ఉడకబెడితే మూడింట ఒకటి చేదు, ఒక రకం మందు వాసన. కోస్తే లోపల సొరంగాలు. ముక్కు పురుగు. పెద్ద పురుగు చీమలా ఉంటుంది, నడుం దగ్గర ఎరుపు, మిగతా ఒళ్లు నీలి నలుపు. మట్టి నెర్రె ఇస్తే అందులోంచి దుంప దాకా దిగి గుడ్లు పెడుతుంది. అలాంటి దుంప మనం తినకూడదు, పశువుకీ వేయకూడదు. నెలకి రెండుసార్లు మన్ను ఎగదోసి నెర్రెలు మూసేయడం, నీళ్లు మరీ ఆరనివ్వకపోవడం, ఏటా ఒకే మట్టిలో నాటకపోవడం, ఇవి చేశాక నాకు చాలా వరకు పోయింది. పొలంలో వేసేవాళ్లకి దీనికి లింగాకర్షక బుట్టలు కూడా ఉన్నాయి. తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో 1963 నుంచి కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ నడుస్తోంది, వాళ్లు ఈ పురుగు మీద చాలా పని చేశారు.

ఎప్పుడు తవ్వాలి? నాటిన నూరు, నూట ఇరవై రోజులకి. ఆకు పసుపెక్కుతుంది. ఒక దుంప తీసి కోసి చూడండి. కోసిన చోట పాలు తేటగా ఆరితే ముదిరినట్టు, ఆకుపచ్చ నలుపుగా మారితే ఇంకా లేత. తవ్వే ముందు వారం పది రోజులు నీళ్లు ఆపేయండి.

ఇప్పుడు నా వృత్తికే తలవంపులు తెచ్చిన మూడో తప్పు. మూడో ఏడు నాలుగు బస్తాల్లో అయిదున్నర కిలోలు వచ్చాయి. పొంగిపోయి, శుభ్రంగా కడిగి, ఫ్రిజ్‌లో పెట్టాను. విత్తనం బంగాళాదుంపకి రెండు నుంచి నాలుగు డిగ్రీలు పెడతాం కదా, చేతికి అదే అలవాటు. పదిహేను రోజులకి తీసి ఉడికిస్తే పైన మెత్తన, మధ్యలో రాయి. ఎంత ఉడికించినా అంతే. ఇది వేడి దేశపు వేరు. పన్నెండు డిగ్రీల కంటే కింద పెడితే లోపల దెబ్బతింటుంది. దీనికి కావలసింది చలి కాదు. తవ్వగానే కడగకుండా, ముప్పై డిగ్రీల వెచ్చదనంలో, గాలిలో తేమ ఎనభై అయిదు తొంభై శాతం ఉండేలా అయిదారు రోజులు ఉంచాలి. తవ్వేటప్పుడు గీసుకున్న చోట్ల కొత్త తొక్క కడుతుంది. ఆ తర్వాత చల్లటి నీడన గాలి తగిలేలా పెడితే నెలల తరబడి ఉంటాయి. ఇదంతా పుస్తకాల్లో చదివి, లెక్కలు రాసుకుంటుంటే ఒక్కసారిగా మా వసారా కళ్ల ముందుకొచ్చింది. అమ్మ తవ్విన దుంపలు మట్టితోనే వసారాలో కుప్ప పోసి, పైన గడ్డి కప్పి, వారం దాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. నేను లక్షలు ఖర్చు పెట్టించి కట్టించే గదిలో ఏం చేస్తామో ఆ గడ్డి కింద అదే జరిగేది. దొంగచాటుగా లాగి తిని ఎన్ని దెబ్బలు తిన్నానో.

ఇంకో మాట. నిప్పుల్లో నిదానంగా కాల్చింది ఎక్కువ తీపి. అది మన భ్రమ కాదు. దుంపలోనే పిండిని చక్కెరగా మార్చే ఎంజైమ్ ఉంది. మెల్లగా వేడెక్కితే దానికి పని చేసే వ్యవధి దొరుకుతుంది. మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాల్లో ఉడికిస్తే ఆ వ్యవధి ఉండదు.

మన సంఘానికి ఒక మనవి. యాభై ఏళ్లలో మనం బడికి గేటు కట్టాం, దాని మీద ఆర్చి కట్టాం, ఆర్చి మీద పేర్లు చెక్కించాం. నా పేరు కూడా ఉంది, కాదనను. ఈసారి ఆ డబ్బులో కొంత వంటగది వెనక ఖాళీ జాగాకి ఇద్దామా? అక్కడ ప్లేట్లు కడిగిన నీళ్లు ఊరికే పోతున్నాయి. నారింజ రంగు కండ ఉన్న రకాలు వేస్తే పిల్లల కళ్లకి మంచిది, విటమిన్ ఎ కి కావలసిన కెరోటిన్ వాటిలో ఎక్కువ. ఆఫ్రికాలో ఈ రంగు దుంపని ఇళ్లలోకి తెచ్చినందుకు 2016లో ప్రపంచ ఆహార బహుమతిలో ముగ్గురికి వాటా దక్కింది. మన దేశంలో శ్రీకార్యం సంస్థ భూ సోనా అనే రకం ఇచ్చింది. ఆ సంస్థ శాఖ భువనేశ్వర్‌లో ఉంది, మన విజయనగరంలో రైలెక్కితే తిన్నగా వెళ్లొచ్చు. తీగ తెచ్చే పని నాది. నాటడం, తవ్వడం పిల్లలు సంబరంగా చేస్తారు. చిక్కంతా మే నెలలో. బడికి సెలవులు, నాలుగు తీగముక్కలకి రోజూ చెంబెడు నీళ్లు ఎవరు పోస్తారు? ఆ పేరు ఎవరిదో ఇవాళే తేల్చుకుంటే మంచిది. ఆర్చి మీద చెక్కించలేం గానీ, ఆ మనిషి లేకపోతే జూన్‌లో ఏమీ ఉండదు.

ఇక గోనెసంచి. అందులో నూట ఇరవై తీగముక్కలున్నాయి, ఆ రైతు బజార్ దుంప సంతతే. మొన్న కోసి, ఆకులు తీసి, తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చాను. నీడన ఉంచితే రేపు ఎల్లుండి వరకు ఏమీ కాదు. మనిషికి రెండు తీసుకోండి. సాయంత్రం పూట నాటండి, నాలుగు రోజులు తడి ఆరనివ్వకండి. తలకిందులుగా నాటకండి, కోసిన చోట ఏటవాలుగా ఉన్నది కింది వైపు.

అయితే ఇది మా అమ్మ తీగ కాదు. దీని ఆకు గుండ్రంగా తమలపాకులా ఉంటుంది. అమ్మ దాని ఆకు చేతివేళ్లలా చీలి ఉండేది. దుంప సన్నగా, పొడుగ్గా, తొక్క ఎరుపు, లోపల తెలుపు, ఉడికితే పిండిలా రాలేది. మా అమ్మ అడిగినవాళ్లకి కాదనకుండా ఇచ్చేది. చంపావతి ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ పెరట్లో గానీ, మీ మేనత్తల పెరట్లో గానీ, నూతి గట్టున గానీ అలాంటి ఆకు కనిపిస్తే ఒక జానెడు ముక్క నాకు ఇవ్వండి. సాయంత్రం భోజనాల దాకా వేపచెట్టు కిందే ఉంటాను. నా ఫోన్ నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది.